కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేతిపనికి మార్కులు ఎలా వేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ప్రొద్దుటూరు దగ్గర ఒక సీబీఎస్ఈ స్కూల్లో కెమిస్ట్రీ చెబుతున్నారు. క్లాసులో 42 మంది, రెండు బ్యాచ్‌లు. ఒకటే ల్యాబ్, పనిచేసే బ్యూరెట్లు (కింద బిరడా ఉన్న కొలత గొట్టాలు) ఎనిమిది. రికార్డులన్నీ ముత్యాల్లా ఉన్నాయి, ఆన్సర్లూ సరిగ్గానే వస్తున్నాయి. కానీ ఎవరికి పని వచ్చో, ఎవరికి రాదో మీకే తెలియడం లేదు. అందరికీ 30కి 28, 29 వేయాల్సి వస్తోంది. నిజంగా చేతిపనిని కొలిచే దారి ఉందా, తొమ్మిది, పది తరగతుల్లోనూ అది కుదురుతుందా అని అడిగారు.

ఉంది. పిల్లవాడు పని చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూసి మార్కు వేయాలి. అయితే అందరినీ ఒకే రోజు చూడకూడదు, అన్ని పనులూ ఒకే రోజు చూడకూడదు. ఒక ప్రాక్టికల్ క్లాసులో ఏడుగురు పిల్లలు, రెండు నైపుణ్యాలు. అంతే. మీ బ్యాచ్‌లో 21 మంది కాబట్టి ఏడుగురు బ్యూరెట్ల దగ్గర ఉంటారు, ఎనిమిదో బ్యూరెట్ స్పేర్. మిగతా 14 మంది సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన లవణం ఏదో పరీక్షలతో కనుక్కునే పని, చేసుకుంటారు. మూడు క్లాసులకు బ్యాచ్ అంతా ఒక చుట్టు తిరుగుతుంది. ఏడాదిలో ఇలాంటివి నాలుగైదు చుట్లు వస్తే ఒక్కో పిల్లవాడి చేతిని ఎనిమిది పది పనుల్లో మీరు కళ్ళారా చూసినట్టే.

నేను కర్నూలు, అనంతపురం జిల్లాల్లో 26 ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా, చాలా చోట్లకు వెళ్ళాను. మొదటి పదేళ్ళు నేనూ మీలాగే ఆన్సర్ చూసి మార్కులు వేశాను. అది ఎందుకు తప్పో చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది.

మోర్ లవణం, పర్మాంగనేట్ టైట్రేషన్ తీసుకోండి. పిపెట్‌తో కొలిచి ఫ్లాస్కులో పోసిన మోర్ లవణం (ఫెర్రస్ ఇనుము ఉన్న లవణం) ద్రావణంలోకి, బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్‌ను లేత గులాబీ రంగు నిలిచేదాకా వదిలి, ఎన్ని మి.లీ. పట్టిందో చూసే పని ఇది. పొద్దున మీరు చేసి చూసుకుంటే 20.0 మి.లీ. వచ్చిందనుకుందాం. ఒక పిల్లవాడు బ్యూరెట్‌ను నీళ్ళతో కడిగి, పర్మాంగనేట్‌తో మళ్ళీ కడగకుండానే నింపాడు. లోపల మిగిలిన నీళ్ళ వల్ల పర్మాంగనేట్ కొంచెం పలచబడింది, రీడింగ్ 20 కంటే ఎక్కువ రావాలి. అదే పిల్లవాడు పిపెట్‌ను కూడా నీళ్ళతో కడిగి అలాగే వాడాడు. ఈసారి మోర్ లవణం పలచబడింది, రీడింగ్ తగ్గాలి. రెండు తప్పులూ చేసినవాడికి ఒకటి ఒకవైపు, ఇంకొకటి రెండోవైపు లాగి, చివరికి సరిగ్గా 20.0 రావచ్చు. బ్యూరెట్ చక్కగా కడిగి, పిపెట్ ఒక్కటి మరిచిపోయిన పిల్లకు 19.7 వస్తుంది. ఆన్సర్ చూసి వేస్తే రెండు తప్పులు చేసినవాడికి ఫుల్ మార్కులు, ఒక తప్పు చేసిన పిల్లకు కోత. నేను ఎంతమందికి ఇలా అన్యాయం చేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

20.6 వచ్చిందంటే కారణాలు నాలుగైదు ఉండొచ్చు. కోనికల్ ఫ్లాస్కును నీళ్ళతో కాకుండా మోర్ లవణం ద్రావణంతోనే కడిగి ఉండొచ్చు. బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉండి మధ్యలో బయటికి పోయి ఉండొచ్చు. గులాబీ రంగు వచ్చాక కూడా ఇంకో అర మి.లీ. పోసి ఉండొచ్చు. 19.5 వచ్చిందంటే బ్యూరెట్ మీద గరాటు తీయకుండా వదిలేసి, దాంట్లోంచి చుక్కలు లోపలికి పడి ఉండొచ్చు. అంకె ఒకటే, తప్పులు వేరు వేరు. ఏ తప్పో తెలియాలంటే ఆ సమయానికి మీరు అక్కడ ఉండాలి.

ఇప్పుడు చూసే పద్ధతి. నా జేబులో పోస్టుకార్డు సైజు అట్టలు ఉండేవి, పిల్లవాడికి ఒకటి. ప్రతి నైపుణ్యానికి 2, 1, 0. ఎవరూ చెప్పకుండా సరిగ్గా చేస్తే 2. "ఒకసారి చూసుకో" అన్నాక తానే సరిదిద్దుకుంటే 1. చెప్పినా రాకపోతే 0, ఆ పని వచ్చే క్లాసులో మళ్ళీ. అన్నిటికంటే చివరిగా చేసినప్పుడు వచ్చిన మార్కే లెక్క, మొదటిది కాదు. జూలైలో రానిది డిసెంబరుకు వస్తే ఆ పని వచ్చినట్టే కదా, జూలైలో రాలేదని ఎందుకు కోయాలి?

పిపెట్‌ను దగ్గరగా చూడండి, ఒక్క పిపెట్‌తోనే పిల్లల గురించి సగం తెలిసిపోతుంది. రబ్బరు బల్బుతో గీత దాటేదాకా లాగాలి, నోటితో కాదు. బల్బు తీయగానే పైన చూపుడు వేలు పడాలి. చాలామంది బొటనవేలు పెడతారు, దాంతో పట్టు సరిగ్గా ఉండదు, ద్రవం ఒక్కసారిగా జారిపోతుంది. వేలు మరీ తడిగా ఉన్నా జారుతుంది. గీతను కంటికి ఎదురుగా తెచ్చి, వేలిని కొద్దికొద్దిగా వదులుతూ, ద్రవం అడుగు వంపు గీతను తాకినప్పుడు ఆపాలి. కొనకు వేలాడే చుక్కను సీసా గోడకు తాకించి, ఫ్లాస్కులోకి వదిలాక కొనను గోడకు ఆనించి కొన్ని క్షణాలు ఆగాలి. చివర మిగిలిన ఆ చిన్న బొట్టును ఊదకూడదు, ఎందుకంటే ఆ బొట్టు లోపల ఉండిపోతుందని లెక్కగట్టే పిపెట్ మీద గీత గీస్తారు. ఈ మొత్తం ఒక నిమిషం పని. ఈ నిమిషంలో మీరు నాలుగు విషయాలు చూస్తారు, రికార్డు పుస్తకంలో వీటిలో ఒక్కటీ కనిపించదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మీరు ఒకరి దగ్గర ఉండగా పక్కవాడు పిపెట్ పని ముగించేస్తాడు. దానికి నేను చేసింది ఏమిటంటే, ఆ రోజు చూసే ఏడుగురికీ "పిపెట్ చేతికి తీసుకునే ముందు చేయెత్తండి, నేను వచ్చాక మొదలుపెట్టండి" అని చెప్పడం. అంతలో బ్యూరెట్ కడుక్కుంటూ, నింపుకుంటూ ఉంటారు. మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా ఏడుగురికి 14 నిమిషాలు. మిగతా టైమంతా సాల్ట్ చేసే వాళ్ళ దగ్గర తిరగొచ్చు.

బ్యూరెట్ దగ్గర చూడాల్సినవి: ద్రావణంతో కడిగాడా, గరాటు తీశాడా, కొనలో బుడగ పోయిందా, రీడింగ్ తీసేటప్పుడు కన్ను సరైన ఎత్తులో ఉందా. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి అడుగు వంపు కనిపించదు, పై అంచు చూసి రాయాలి. మొదట పై అంచు, చివర కింది అంచు రాసేవాళ్ళు ఉంటారు, వాళ్ళ రీడింగ్‌లే ఆగమాగం అవుతాయి. రెండుసార్లూ పై అంచే చూస్తే తేడా సరిగ్గానే వస్తుంది. ఈ మాట పిల్లలకు అర్థమైందో లేదో ఒక్క ప్రశ్నతో తెలుస్తుంది: "రెండుసార్లూ పై అంచే చూశావు కదా, మరి ఆన్సర్ తప్పు రాదా?"

రంగు నిలిచే ఎండ్ పాయింట్ దగ్గర చేయి చూడండి. ధర్మవరంలో పనిచేసినప్పుడు నాకు ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళింట్లో పట్టుకు రంగులు అద్దే పని. థియరీలో ముప్పై దాటేది కాదు. టైట్రేషన్‌లో మాత్రం ఎడమచేత్తో బ్యూరెట్ బిరడా, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ, తెల్ల టైలు మీద లేత గులాబీ జాడ కనిపించగానే ఆపేసేది. మూడు రీడింగ్‌లూ 0.1 లోపు. "నీకు ఎలా తెలుస్తోందమ్మా" అంటే "మా నాయన ఇంగొక్క చుక్క ఎక్కువైతే చీర చెడిపోతాదంటాడు సార్, అందుకే ముందుగానే నిదానమైతా" అంది. ఆ అమ్మాయికి ప్రాక్టికల్స్‌లో నేను ఇచ్చిన మార్కు చూసి స్టాఫ్ రూమ్‌లో కొందరు ఆశ్చర్యపోయారు. కార్డు తీసి చూపించాను.

మోర్ లవణం బదులు ఆక్సాలిక్ ఆమ్లమైతే ఓపిక చూడొచ్చు. ఫ్లాస్కును 60, 70 డిగ్రీలకు వేడి చేయాలి. అయినా మొదటి చుక్క గులాబీ రంగు వెంటనే పోదు, కాసేపు నిలబడుతుంది. చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ తర్వాత చర్యను వేగం చేస్తాయి. తెలియని పిల్లవాడు మొదటి చుక్కకే "అయిపోయింది సార్" అని 0.1 రాస్తాడు. కొందరు కంగారులో ఇంకా పోసేస్తే ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఫ్లాస్కు తిప్పుతూ ఆ మొదటి రంగు పోయేదాకా ఆగిన పిల్లవాడికి 2 వేయండి. ఇంకో మాట, మోర్ లవణాన్ని కూడా అలవాటుగా వేడి చేసేవాళ్ళు ఉంటారు. దాన్ని వేడి చేయకూడదు, గాలి తగిలి ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది.

ఆన్సర్‌కు అసలు మార్కే ఉండకూడదని నేను అనను. మీ స్కూల్ సొంత పరీక్షల్లో టైట్రేషన్‌కు 8 అనుకుంటే నేను వేసే లెక్క: చేతిపనికి 4, రీడింగ్‌లు కొట్టివేతలతో సహా ఉన్నదున్నట్టు రాసినందుకు 2, ఫలితానికి 2. నా రీడింగ్‌కు 0.2 లోపు వస్తే 2, 0.5 లోపు వస్తే 1. మీ రీడింగ్ అదే రోజు, అదే సీసాతో తీయండి. మోర్ లవణం ద్రావణం మధ్యాహ్నానికే కొంచెం మారుతుంది, కాబట్టి రెండో బ్యాచ్‌కు ముందు ఇంకోసారి చూసుకోండి. పాత రీడింగ్ పెట్టుకుని పిల్లలను తప్పుపట్టకండి.

కాపీ కొట్టడం ఆగాలంటే సీసాలు మార్చండి. ఒకసారి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళిన చోట ఇరవై మంది దాకా పిల్లలు ఒకే అంకె రాశారు, 19.8. నేను అక్కడే చేసి చూస్తే 18 దగ్గర వచ్చింది. పాత ద్రావణం అయిపోయి కొత్తది కలిపారు, పిల్లలకు ముందే అందిన చీటీలో మాత్రం పాత అంకె ఉంది. ఆ పిల్లల ముఖాలు నాకు గుర్తున్నాయి. వాళ్ళకు పని చేసుకునే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు. అప్పటి నుంచి నేను మూడు సీసాలు పెట్టుకున్నాను. మోర్ లవణం లీటరుకు 19.6 గ్రాములు, అంటే 0.05 మోలార్, అందరికీ ఒకటే. పర్మాంగనేట్ మాత్రం లీటరుకు 1.58, 1.66, 1.74 గ్రాములు. 20 మి.లీ. మోర్ లవణానికి వరసగా 20, 19, 18.2 దగ్గర వస్తాయి. సీసాల మీద 1, 2, 3 అని మాత్రమే రాసి, పక్కపక్కన కూర్చున్నవాళ్ళకు వేరే సీసా ఇవ్వండి. ఖర్చేమీ పెరగదు.

సాల్ట్ అనాలిసిస్‌లో జబ్బు వేరు. నీలం రంగు చూడగానే కాపర్ సల్ఫేట్ అని తెలిసిపోతుంది, ఇక పరీక్షలన్నీ వెనక నుంచి ముందుకు రాసేస్తారు. తెల్లటి లవణాలే ఇవ్వండి. ఒక చిన్న కాగితం ఇచ్చి, ఏం చేశాడో ఏం కనిపించిందో బెంచి దగ్గరే పెన్నుతో రాయించి, కదలకముందే తీసుకోండి. రికార్డు తర్వాత ఇంట్లో రాసుకోనివ్వండి.

చేతిపని చూడాలంటే నైట్రేట్‌కు చేసే బ్రౌన్ రింగ్ పరీక్ష మంచిది. పరీక్షనాళికను వాల్చి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంట నిదానంగా జార్చాలి, కదపకూడదు. రెండు ద్రవాలు కలిసే చోట గోధుమ రంగు ఉంగరం నిలుస్తుంది. కుదిపితే పోతుంది. మీరు చూసేసరికి ఉంగరం లేకపోయినా "వచ్చింది సార్, పోయింది" అంటారు, అది నిజమే కావచ్చు కూడా. అందుకే ఈ పరీక్షకూ చేయెత్తే పద్ధతే పెట్టండి.

కానీ సాల్ట్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ మార్కు ఇచ్చేది వేరే దానికి. అనంతపురంలో ఒక ఏడాది డిస్టిల్డ్ వాటర్ అయిపోయి, పిల్లలు కుళాయి నీళ్ళే వాడారు. అది బోరు నీరు. వరసగా అందరికీ క్లోరైడ్ వచ్చింది. ఒక్క అబ్బాయి మాత్రం రెండు పరీక్షనాళికలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "సార్, సాల్ట్ వేయకుండా ఉత్త నీళ్ళకే తెల్లగా వస్తాంది, ఎట్ల సార్?" వాడు ఉత్త నీళ్ళలో నైట్రిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ వేసి చూశాడు. మన బోరు నీళ్ళలో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి అది కూడా పాలలా అయింది. వాడికి ఎవరూ చెప్పలేదు, తానే అనుమానపడ్డాడు. చివరికి లవణం పేరు వాడు తప్పే రాశాడు. నేను మాత్రం ఆ రోజు వాడికే అందరికంటే ఎక్కువ వేశాను, ఎందుకు వేశానో క్లాసు మొత్తానికి చెప్పాను. ఆ తర్వాతి వారం నుంచి సగం మంది ఉత్త నీళ్ళ పరీక్ష కూడా చేయడం మొదలుపెట్టారు. మీ దగ్గరా బోరు నీళ్ళే అయితే ఇదే ఒక ప్రయోగంగా పెట్టొచ్చు.

వైవా (నోటి ప్రశ్నలు) బెంచి దగ్గరే, వస్తువు చేతిలో ఉండగా అడగండి. "మోలారిటీ నిర్వచనం చెప్పు" అంటే బట్టీ పట్టినవాడు చెప్తాడు. "ఫ్లాస్కులో నీళ్ళు మిగిలినా పర్వాలేదన్నావు, బ్యూరెట్‌లో మిగిలితే ఎందుకు పర్వాలేదనవు?" అంటే పని అర్థమైనవాడే చెప్తాడు. తెలుగులో చెప్తే తెలుగులోనే వినండి. మన పిల్లల్లో చాలామందికి విషయం వచ్చు, ఇంగ్లీషు దగ్గర నోరు పెగలదు. మనం కొలుస్తున్నది కెమిస్ట్రీని.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని. మీరు ఎదురుగా నిలబడితే పిల్లల చేతులు వణుకుతాయి. పక్కన, కొంచెం వెనగ్గా నిలబడండి. చూస్తున్నప్పుడు రాయకండి, రెండు అడుగులు పక్కకు వచ్చాక రాసుకోండి. రెండోది మన గురించే: ఫస్ట్ ర్యాంకు పిల్లవాడి చేయి మన కంటికి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. ఏడాదికి ఒకసారైనా ఫిజిక్స్ టీచర్‌ను పిలిచి, అదే నలుగురు పిల్లలకు మీరిద్దరూ విడివిడిగా మార్కులు వేసి పోల్చుకోండి. నేను మొదటిసారి పోల్చుకున్నప్పుడు, బాగా చదివే ఇద్దరికి నేను ఎక్కువ వేశానని తేలింది. మూడోది, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు మగపిల్లల్లో అప్పుడప్పుడూ ఉంటారు. మంట రంగు పరీక్షలోనూ, మిథైల్ ఆరెంజ్‌తోనూ పదేపదే తప్పుతున్నాడంటే వెంటనే కోయకండి, ఒక్కడినే పిలిచి అడగండి. రంగు పక్కవాడు చెప్పొచ్చు, చేతిపని మాత్రం వాడిది చూసి మార్కు వేయండి.

బోర్డు పరీక్షకు ఇదంతా పనికొస్తుందా అంటే, పన్నెండో తరగతి ప్రాక్టికల్ 30 మార్కుల్లో టైట్రేషన్‌కు 8, సాల్ట్‌కు 8, విషయ ఆధారిత ప్రయోగానికి 6, ప్రాజెక్టు, వైవాకు 4, రికార్డు, వైవాకు 4. ఆ పంపకం మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది ఆ రోజుకు ముందు ఏడాది. ఇంగ్లండులో 2015 నుంచి ఏ లెవెల్ (మన ఇంటర్ స్థాయి) సైన్సుకు ఇలాంటి దారే పట్టారు: కోర్సు పొడవునా టీచరే చూసి, పని వచ్చిందా లేదా అన్నది గ్రేడుతో కలపకుండా విడిగా ఇస్తారు. ప్రయోగాల మీద ప్రశ్నలు రాత పరీక్షలో వేరుగా ఉంటాయి. మనకు అంత వెసులుబాటు లేకపోయినా, తల్లిదండ్రులు వచ్చి "మావాడికి 24 ఎందుకు" అంటే చూపించడానికి మీ దగ్గర కార్డు ఉంటుంది. నాకు అది చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఇక తొమ్మిది, పది తరగతులు. అక్కడ బ్యూరెట్ అక్కర్లేదు. పరీక్షనాళికను పట్టకారుతో వాల్చి పట్టి, మూతిని మనుషుల వైపు కాకుండా తిప్పి వేడి చేయడం, వాసనను చేత్తో ముక్కు వైపు విసురుకోవడం, ఆమ్లాన్ని నీళ్ళలో పోయడం తప్ప నీళ్ళను ఆమ్లంలో పోయకపోవడం, మెగ్నీషియం తీగను గరుకు కాగితంతో రుద్దాక కాల్చడం. ఒక్కో క్లాసుకు వీటిలో ఒకటి చూస్తే చాలు.

నేను వాళ్ళకు పెట్టే మొదటి పరీక్ష మీ కడప బండతోనే. శనగగింజంత ముక్క పరీక్షనాళికలో వేసి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వచ్చే వాయువును సున్నపుతేటలోకి పంపించాలి. పాలలా మారగానే ఆపాలి. ఆపకుండా ఇంకా పంపిస్తే ఆ తెలుపు కరిగి మళ్ళీ తేటపడుతుంది. కొందరు "రాలేదు సార్" అంటారు, నిజానికి వచ్చి పోయి ఉంటుంది. ఎప్పుడు ఆపాడో చూసి మార్కు వేయండి. ముక్కలు ఏ బండల పాలిష్ షాపు దగ్గర అడిగినా ఊరికే ఇస్తారు. క్లాసుకు ముందు మీరే ఒకటి ఆమ్లంలో వేసి చూసుకోండి. బండ అని అమ్మేవన్నీ సున్నపురాయి కాదు, పొంగు రాకపోతే ఇంకో చోట తెచ్చుకోండి.